నాగూర్ వలి మిగులు

టీవీలో నాగూర్ వలి పేరు పక్కన ముప్ఫై ఒకటి అని పడేసరికి, ఏడుకొండలు సెలూన్లో గడ్డం గీయించుకుంటున్న భుజంగరావు మాస్టారు కుర్చీలోంచి సగం లేచాడు. ఏడుకొండలు కత్తి పట్టుకున్న చేతిని చటుక్కున వెనక్కి లాక్కోబట్టి సరిపోయింది.

"కూచోండి మాస్టారూ. చెవి తెగితే నన్నంటారు."

"ముప్ఫై ఒకటేందిరా? నాగూర్‌కి ముప్ఫై ఒకటా?"

ఆ అంకె పేరు మిగులు. మూడేళ్ళ కిందట దక్కన్ కబడ్డీ లీగు వాళ్ళు ఒక యంత్రం తెచ్చారు. ఏటా డ్రాఫ్టుకు ముందు, అంటే జట్లన్నీ వంతులవారీగా ఆటగాళ్ళను ఎంచుకునే రోజుకు ముందు, పేరిచ్చిన వాళ్ళందరినీ విజయవాడ దగ్గరి కేంద్రానికి పిలుస్తారు. ఒంటినిండా తీగలు తగిలించి పరుగెత్తిస్తారు, దూకిస్తారు, గిర్రున తిప్పిస్తారు. యంత్రం అదంతా పట్టుకుని కంప్యూటర్లో ఆ మనిషికి ఒక జంటను, అంటే అచ్చం అతనిలాగే కదిలే బొమ్మను, తయారుచేస్తుంది. ఆ జంట చేత గంటలో కొన్ని వేల సీజన్లు ఆడిస్తుంది. ఎన్నో మ్యాచ్‌కి ఆ ఒళ్ళు పనికిరాకుండా పోతుందో చూసి ఒక అంకె వేస్తుంది. ఆ యంత్రానికి లీగు వాళ్ళు పెట్టిన పేరు బారెడు పొడుగుంటుంది. చీరాలలో మాత్రం అందరూ దాన్ని కాటా అంటారు.

కాటా రాకముందు ఈ సెలూన్లో ఆట గురించి మాట్లాడుకునేవాళ్ళు. ఫలానావాడు చీలమండ పట్టాడంటే వదలడని ఒకడంటే, వాడి పట్టు వదిలించుకున్న వాణ్ణి నేను చూశానని ఇంకొకడు తొడ చరిచేవాడు. ఇప్పుడు ఒకడికి రెండొందల పన్నెండు, ఇంకొకడికి రెండొందల ఎనిమిది అని కొట్టుకుంటున్నారు. ఆట చూసినవాడికీ, చూడనివాడికీ తేడా లేకుండా పోయింది. అదీ మాస్టారి మంట.

ఎదురుగా జిరాక్సు షాపు నడిపే జక్రయ్యకు ఆ మంట పట్టలేదు. ఈ ఏడాది జాబితా మొత్తం కాగితాల మీద తీసి, కుట్టు వేయించి మరీ తెచ్చుకున్నాడు. పెన్సిలు చెవిలో పెట్టుకుని బెంచీ మీద కూర్చుని తీర్పులు చెబుతున్నాడు.

"పలాస కుర్రోడు అప్పలస్వామి రెండొందల నలభై. మొదటి వంతులో వాణ్ణే ఎత్తుకుపోతారు, రాసిపెట్టుకోండి."

"వాడు బోనస్ గీత ముట్టుకోవడం నువ్వెప్పుడన్నా చూశావా?" అన్నాడు మాస్టారు.

"చూసేదేముంది? రెండొందల నలభై అని వేశారుగా."

"నాగూర్ ఆట చూశావా?"

"చూడకేం. వేటపాలెం టోర్నమెంటులో నలుగుర్ని ఈడ్చుకుంటా గీత దాటాడు. కాదన్లా. కానీ ముప్ఫై ఒకటి అంటే ఒక సీజను, మహా అయితే సీజనున్నర. దానికి ఎవడు తీసుకుంటాడు మాస్టారూ? మీరు పెంచిన పిల్లోడు కాబట్టి మీకట్టా ఉంది."

మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. సగం గడ్డంతోనే తువ్వాలు విసిరేసి బయటకు వచ్చాడు.

ముప్ఫై రెండేళ్ళు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. ఎంతోమందికి కబడ్డీ నేర్పాడు. అందులో చేతికందిన ఒకే ఒక్కడు నాగూర్ వలి. పద్నాలుగేళ్ళప్పుడు వచ్చి గ్రౌండు గోడ మీద కూర్చున్నవాణ్ణి దింపి బరిలో నిలబెట్టాడు. ఇప్పుడు వాడికి ఇరవై రెండు. బట్టల మార్కెట్లో మూటలు దించి, సాయంత్రం కాళ్ళకు పట్టీలు చుట్టుకుని గ్రౌండుకు వస్తాడు. డ్రాఫ్టుకు ఇరవై రెండు దాటకూడదు. ఈ ఏడాది తీసుకోకపోతే వాడు ఇక లీగు మొహం టీవీలో చూసుకోవలసిందే.

మార్కెట్ వెనక లారీ దగ్గర వాణ్ణి పట్టుకున్నాడు మాస్టారు. "పరీక్షలో ఏం చేశావురా నువ్వు?"

నాగూర్ భుజం మీది మూట దించి చెమట తుడుచుకున్నాడు. "చెప్పినయ్యన్నీ చేశా సార్. పరుగు బానే వచ్చింది. తిప్పుడు కాడే కుదర్లా."

"నీకు తిప్పుడు కుదరకపోవడమేందిరా?"

"మూతికి మాస్కు పెట్టారు సార్. గాలి కొలుస్తారంట. నోరు మెదపొద్దన్నారు."

"అంటే కూత లేకుండా ఆడావా?"

"లేకుండానే సార్. ఏడో మాట ఎప్పుడొచ్చిందో తెలవలా. ఏదో అందాజుగా తిరిగా."

తల బాదుకోవాలనిపించింది మాస్టారికి. మిగతా రెయిడర్లకు కూత అంటే అంపైరు వింటున్నాడు కాబట్టి పెట్టేది. నాగూర్‌కి అలా కాదు. వాడికి కూతే గడియారం. అలా నేర్పింది మాస్టారే. కబడ్డీ కబడ్డీ అంటూ గీత దాటాలి, ఆరు మాటలదాకా ఎదుటివాళ్ళను ఊరించాలి, ఏడో మాట నోట్లో ఉండగానే ఎడమకాలు పాతేసి గిర్రున తిరగాలి. ఎదుటివాడు నీ కాళ్ళు చూస్తాడు, భుజాలు చూస్తాడు, నీ లెక్క మాత్రం వాడికి తెలియదు అని చెప్పి, ఎనిమిదేళ్ళు పొద్దున వందసార్లు, సాయంత్రం వందసార్లు తిప్పించాడు. ఆ తిప్పుడుకు జిల్లాలో జవాబు లేదు.

ఇంకా చిర్రెత్తించే సంగతి ఏమిటంటే, ఆ కేంద్రంలో మాస్కు పద్ధతి పెట్టింది మాస్టారి కూతురు హైమవతే. ఇంటికి వెళ్ళగానే ఫోను చేశాడు.

"నాన్నా, అందరికీ ఒకటే పద్ధతి," అంది హైమ. "మాస్కు లేకపోతే ఎంత గాలి పీలుస్తున్నారో కొలవలేం. మాస్కులో మాట్లాడితే లెక్క తప్పుద్ది."

"కూత లేకుండా అవతలి కోర్టులోకి పోతే ఏమంటారే?"

"ఔటంటారు."

"మరి ఔటైనోళ్ళందరికీ మీరు అంకెలేస్తన్నారు. కబడ్డీ మాస్టారి కూతురివి, అన్నం తింటా కూత విన్నదానివి, నీకా మాత్రం తోచలేదా?"

"తోచింది నాన్నా. నాలుగు రోజులు మాస్కు లేకుండా కూడా చేసి చూశాం. ఎవరికీ రెండు మూడు అంకెలకి మించి తేడా రాలా. కూతను పట్టుకుని కాలు తిప్పేవాడు ఒకడుంటాడని మేం అనుకోలేదు."

"అయితే మళ్ళీ చెయ్యి."

"అడిగితే చెయ్యాలి, రూలుంది. కానీ ఒక్కసారే. కొత్త అంకె వస్తే పాతది చెరిపేస్తారు. పెరిగినా అంతే, తగ్గినా అంతే."

"తగ్గడమేంది?"

"నే చెప్పేది విను నాన్నా. కూతతో వాడి ఒళ్ళు ఎట్టా కదులుద్దో మా దగ్గర ఒక్క కొలత కూడా లేదు. ఏమొస్తుందో నాకు తెలవదు. తెలవనిదానికి తొందరపడొద్దు."

మాస్టారు ఆ మాట చెవిన వేసుకోలేదు. ఫోను పెట్టేసి దరఖాస్తు కాగితం కోసం జక్రయ్య షాపుకే వెళ్ళాడు.

నాగూర్ సంతకం పెట్టడానికి వెనకాడాడు. "పోయినేడు ముప్ఫై మిగులున్నోణ్ణి ఆఖరి వంతులో తీసుకున్నారంట సార్. దీన్నిట్టా ఉండనిస్తే?"

"తీసుకుని ఏం చేశారు? బెంచీ మీద కూచోబెట్టారు. నువ్వు బెంచీ మీద కూచునేదానికి నేర్చుకున్నావా?"

"లేదు సార్."

"అయితే పెట్టు."

పెట్టాడు. సార్ చెప్పాక ఎదురు చెప్పడం వాడికి తెలియదు.

కేంద్రంలో మాస్టారు అడుగుపెట్టడం అదే మొదటిసారి. బయటినుంచి చూస్తే పెళ్ళిళ్ళ హాలులా ఉంది, లోపల మాత్రం చల్లగా, తెల్లగా, మాటలు కూడా మెల్లగా వినిపిస్తున్నాయి. నడుమ నీలం చాప పరిచిన కోర్టు, చుట్టూ కెమెరాలు. హైమ మాస్కు పక్కన పెట్టేసి, నాగూర్ గొంతు మీద సన్నటి పట్టీ ఒకటి అంటించింది. మాస్కంత నికరంగా కాకపోయినా, మాట్లాడుతున్నప్పుడు గాలి లెక్క అందులోనూ కొంత దొరుకుతుందట.

నాగూర్ చొక్కా విప్పుతుండగా మాస్టారు కూతురి పక్కన కూర్చున్నాడు. "ముందు ఆ ముప్ఫై ఒకటి ఎట్టా వచ్చిందో చూపించు."

హైమ తెర మీద పాత జంటను తెచ్చింది. ఎముకలూ కండరాలూ గీతల్లో కనిపించే మనిషి ఆకారం. కోర్టు దాటుతోంది, ఊగుతోంది, తిరుగుతోంది. ఒక్కో మ్యాచ్ గడిచేకొద్దీ కీళ్ళలో ఎరుపు మెల్లగా చేరుతోంది. ముప్ఫై ఒకటో మ్యాచ్ దగ్గర ఎడమ మోకాలు పూర్తిగా ఎర్రబడి బొమ్మ కూలబడింది.

"ఇది మా నాగూర్ కాదు," అన్నాడు మాస్టారు. "ఈ తడుముకోవడమేంది? వీడెవడో ముసలోడు."

"మా దగ్గరున్న నాగూర్ ఇతనే నాన్నా."

"ఇప్పుడు చూడు."

నాగూర్ మధ్యగీత దగ్గర వంగి నేల తాకి చెయ్యి కళ్ళకు అద్దుకున్నాడు. కూత మొదలైంది. కబడ్డీ కబడ్డీ కబడ్డీ. ఆ తెల్లటి హాల్లో ఆ గొంతు మోగేసరికి తలలు వంచుకుని పనిచేసుకుంటున్న వాళ్ళందరూ తలెత్తారు. ఏడో మాటకు కాలు పడింది, మనిషి తిరిగాడు. ఎప్పుడు తిరిగాడో చూసినవాళ్ళకు అందలేదు. అలా నలభైసార్లు చేయించారు. ఒక్కసారి కూడా తప్పలేదు.

కొత్త జంట తయారవడానికి ముప్పావుగంట పట్టింది. తెర మీదికి అది రాగానే మాస్టారు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఆకారం అదే, ఆట మాత్రం వేరు. అడుగు వేసే తీరు, భుజం ఆడించే తీరు, ఆరు మాటలదాకా ఊరించి చివర్లో మాయమయ్యే తీరు, అన్నీ అచ్చం వాడివే.

"అదిగో. అదీ మావాడు," అంటూ మాస్టారు చప్పట్లు కొట్టాడు. కళ్ళు చెమర్చాయి. తన ఎనిమిదేళ్ళ పని ఎవరో గాజు కింద పెట్టి చూపించినట్టు అనిపించింది. హైమ చప్పట్లు కొట్టలేదు. ఆమె మోకాలు చూస్తోంది.

మూడో మ్యాచ్‌కే ఎరుపు మొదలైంది. ఆరో మ్యాచ్‌కి చిప్ప చుట్టూ చేరింది. తొమ్మిదో మ్యాచ్‌లో ఏడో మాటకు తిరిగిన బొమ్మ మళ్ళీ లేవలేదు. హైమ ఇంకో సీజన్ ఆడించింది, ఎనిమిదికి పడింది. ఇంకొకటి, పదికి పడింది. తర్వాత వేల సీజన్లు ఒకేసారి ఆడించి ఆపింది. తెర మూలన తొమ్మిది అని వచ్చింది.

మాస్టారి చేతులు ఇంకా దగ్గరగానే ఉన్నాయి. "ఎక్కడో పొరపాటు జరిగింది. మళ్ళీ చూడు."

"పొరపాటు లేదు నాన్నా. కూత లేనప్పుడు మెల్లగా తిరిగాడు, అందుకే ముప్ఫై ఒకటన్నా వచ్చింది. కూత ఉంటే రెట్టింపు జోరుతో తిరుగుతున్నాడు, బరువంతా ఎడమ మోకాలి మీదే. లోపల ఇప్పటికే అరిగిపోయి ఉంది. ఒకే మెలిక, ఒకే కాలు, ఎనిమిదేళ్ళుగా." ఆమె గొంతు తగ్గించింది. "ఇంతకంటే నన్ను చెప్పమనకు."

చెప్పనక్కర్లేదు. పొద్దున వంద, సాయంత్రం వంద. ఎవరు లెక్కపెట్టారో ఆయనకు తెలుసు. కుడికాలి మీద కూడా తిప్పించి ఉంటే పోయేదని ఇప్పుడు తోచింది. అది తోచాల్సినప్పుడు తోచలేదు.

"దీనికి దారి లేదా?"

"రెండేళ్ళు ఆట ముట్టకుండా ఉంటే చాలావరకు కోలుకుంటుంది."

"రెండేళ్ళంటే వాడికి వయసైపోతుంది."

"అవును."

"ఆడితే? తొమ్మిది ఆడేశాక?"

"మెట్లెక్కడం కూడా కష్టమే నాన్నా. మూటలు మోసే పని మర్చిపోవాలి."

"ఈ అంకె బయటపెట్టకుండా ఆపు. నీ చేతిలో పనే గదా."

"నా చేతిలో లేదు. యంత్రం వెయ్యగానే లీగుకి పోతుంది. ఈపాటికి టీవీ వాళ్ళ దగ్గరుంటుంది." హైమకు కోపం తన్నుకొచ్చింది. "తొందరపడొద్దని చెప్పానా లేదా? నువ్వెప్పుడన్నా ఒకరు చెప్పింది విన్నావా?"

కోర్టు అంచున కూర్చుని నీళ్ళు తాగుతున్న నాగూర్ ఇటే చూస్తున్నాడు. బాగా తిరిగానని వాడికి తెలుసు. మొహం వెలిగిపోతోంది. హైమే వెళ్ళి మోకాలి సంగతీ, కొత్త అంకే చెప్పింది. వాడు సరిగా వినపడనట్టు ముందుకు వంగాడు.

"తొంభైయా మేడమ్?"

"తొమ్మిది."

వాడు తల ఊపి, కాళ్ళ పట్టీలు విప్పుకోవడం మొదలుపెట్టాడు. మాస్టారు దగ్గరకు వచ్చేసరికి ఒక కాలి పట్టీ విప్పేశాడు. ఆ తర్వాత, "పోనీలెండి సార్, కూత బాగా వచ్చింది," అన్నాడు. తిట్టి ఉంటే మాస్టారికి కొంత తేలికగా ఉండేది. తిరుగు రైల్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తెనాలి దాకా కిటికీలోంచి బయటికి చూశారు. బాపట్లలో నాగూర్ దిగి రెండు టీలు తెచ్చాడు. దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ వాడి ఎడమ మోకాలి మీదినుంచి మాస్టారు చూపు తిప్పుకోలేకపోయాడు. ఇన్నేళ్ళూ తాను చూసింది ఆ కాలు ఎంత చురుకో అని మాత్రమే. అది నొప్పి పెడుతోందా అని ఒక్కసారి అడిగిన గుర్తు కూడా లేదు.

ఆదివారం మధ్యాహ్నం డ్రాఫ్టు. వెళ్ళకూడదనుకుంటూనే మాస్టారు సెలూన్‌కు వెళ్ళాడు. బెంచీలు నిండిపోయి గడప దాకా జనం. జక్రయ్య జాబితాలో నాగూర్ పేరు పక్కన పాత అంకె కొట్టేసి కొత్తది రాసి ఉంది.

"అనవసరంగా కెలుక్కున్నారు మాస్టారూ," అన్నాడు జక్రయ్య. ఎగతాళికి కాదు, నిజంగానే బాధపడుతూ. "ముప్ఫై ఒకటి ఉంటే ఎవడో ఒకడు చూసేవాడు."

"ఆయన్ని వదిలెయ్ అన్నా," అన్నాడు ఏడుకొండలు, ఎవరి తలో దువ్వుతూ. "ఆ కాటా తగలబడ."

మొదటి వంతులో పలాస అప్పలస్వామిని తీసుకున్నారు. తను చెప్పిందే జరిగినందుకు జక్రయ్య అందరికీ టీ తెప్పించాడు. రెండో వంతు, మూడో వంతు గడిచాయి. రెండొందల వాళ్ళు, నూట యాభై వాళ్ళు వరసగా వెళ్ళిపోయారు. వాళ్ళలో సగంమంది ఆట ఇక్కడ ఎవరూ చూడలేదు, అయినా వాదనలకు లోటు లేదు. ఆఖరి వంతు మొదలయ్యేసరికి సగం సెలూన్ ఖాళీ అయింది. మాస్టారి మనసులో ఒక పక్క, పోనీ, ఎవరూ తీసుకోకపోతే కాలన్నా మిగులుతుంది అనిపిస్తోంది. అలా అనుకున్నందుకు మళ్ళీ తనమీద తనకే అసహ్యం వేస్తోంది.

అప్పుడు బళ్ళారి జట్టు వంతు వచ్చింది. వాళ్ళు నాగూర్ వలి పేరు చదివారు.

ఏడుకొండలు దువ్వెన వదిలేసి మాస్టారిని కావలించుకున్నాడు. బయటికి వెళ్ళినవాళ్ళు కేకలు విని వెనక్కి పరుగెత్తుకొచ్చారు. టీవీలో బళ్ళారి కోచ్ నవ్వుతూ చెబుతున్నాడు. లీగు దశకు తమ దగ్గర మనుషులున్నారనీ, ఈ ఆటగాణ్ణి చివరిదాకా తాకకుండా దాచుకుంటామనీ, ఆఖరి ఘట్టంలో మ్యాచ్‌లు సరిగ్గా తొమ్మిదే ఉంటాయనీ అన్నాడు.

"తెలివంటే అదీ," అన్నాడు జక్రయ్య తొడ చరుస్తూ. "తొమ్మిదికి తొమ్మిది. ఒక్కటి కూడా వృథా పోదు."

"సెమీఫైనల్లో మొదటి సగం ఆడించకూడదబ్బా. రెండో సగంలో దించాలి."

"అట్టా ఎట్టా కుదురుద్ది? సగం ఆడినా మ్యాచే గదా."

వాదన మొదలైంది. ఎవరూ కావాలని చెడ్డగా మాట్లాడటం లేదు. అందరూ మావాడు మావాడు అంటూనే, వాడి తొమ్మిదింటినీ తలా ఇన్ని పంచుకుంటున్నారు. మాస్టారు అక్కడ నిలబడలేక సందులోకి వచ్చి ఫోను తీశాడు.

"సార్, చూశారా?" నాగూర్ గొంతు వెనక ఇంటినిండా జనం సందడి వినిపిస్తోంది. "మా అమ్మ ఇంకా నమ్మట్లా. ఒక్కమాట మీరు చెప్పండి సార్, మీరు చెప్తే నమ్ముద్ది."

"నాగూర్, ఇటు విను. వెళ్ళొద్దు."

సందడి దూరమైంది. వాడు బయటికి వచ్చినట్టున్నాడు. "నన్ను తీసుకున్నారు సార్."

"నిన్ను కాదురా, ఆ తొమ్మిదింటిని తీసుకున్నారు. అయ్యి అయిపోయాక నీ మొహం ఎవడూ చూడడు. అమ్మాయి చెప్పింది విన్నావుగా. తర్వాత ఏం చేసి బతుకుతావు?"

"మీ దగ్గర ఇన్నేళ్ళలో ఎంతమంది నేర్చుకున్నారు సార్? ఒక్కడన్నా లీగులో ఒక్క మ్యాచ్ ఆడాడా?"

వాడు అడగడంలో ఎక్కడా పెడసరం లేదు. ఆ ప్రశ్న లీగు మొదలైనప్పటినుంచీ మాస్టారు తనకు తాను వేసుకుంటున్నదే.

"సరే, వెళ్ళు," అన్నాడు చివరికి. "వద్దంటే ఆగేవాడివి కాదు. కానీ నా మాట ఒక్కటి విను. ఏడో మాటకి తిరగొద్దు. పదికి తిరుగు, పన్నెండుకి తిరుగు. కాలు పాతేయొద్దు, ఆనించి తీసెయ్. పాయింటు రాకపోతే పోనీ, పట్టుకుంటే పట్టుకోనీ. మెల్లగా ఆడు నాయనా."

ఎనిమిదేళ్ళలో ఆ మాట ఆయన నోటి వెంట రావడం అదే మొదలు. అవతల నాగూర్ ఆలోచిస్తున్నట్టున్నాడు. సార్ చెప్పింది చెయ్యడానికి ఒళ్ళంతా వెతుక్కుంటున్నట్టున్నాడు. కాసేపటికి ఏ నిష్ఠూరమూ లేకుండా, ఉన్నమాట అన్నట్టుగా అన్నాడు.

"మెల్లగా ఆడటం మీరు నేర్పలేదుగా సార్."